పూడిమడక నుంచి పెంటకోట దాకా తెడ్డు దారి

1932 మే నెలలో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ యువకుడు ఉల్మ్ పట్నం దగ్గర డాన్యూబ్ నదిలోకి ఒక మడత కయాక్ దించాడు. ఎలక్ట్రిక్ పనివాడు. మాంద్యం దెబ్బకు పని పోయింది. సైప్రస్ వెళ్లి అక్కడి రాగి గనుల్లో కూలో నాలో చూసుకుందామన్నదే మొదట్లో అతని ఆలోచన. దారిలో బుద్ధి మారింది. యూఫ్రటీస్ నది మీదుగా పర్షియన్ గల్ఫ్‌లోకి దిగాడు. మన పడమటి తీరమంతా తిరిగి 1935లో సింహళం చేరాడు. అక్కడి నుంచి మద్రాసు, మద్రాసు నుంచి కలకత్తా. ఆ తర్వాత బర్మా, మలయా, జావా, న్యూగినీ. 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన సైబాయ్ దీవిలో కాలుపెట్టేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైపోయింది. ఏడేళ్లు తెడ్డు వేసి వచ్చిన మనిషిని శత్రుదేశం వాడివంటూ తీసుకెళ్లి నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఇన్ని సముద్రాలు దాటినవాడికి ఈత రాదు.

మద్రాసు నుంచి కలకత్తా అంటే మన తీరమే. ఇప్పటి అనకాపల్లి జిల్లా తీరమంతా ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పెంటకోట, రేవుపోలవరం, పూడిమడక ఊళ్లను ఎడమచేతి వైపు పెట్టుకుని అతను పైకి వెళ్లి ఉండాలి. ఎక్కడ ఒడ్డుకు దిగాడో, ఎవరు గంజి పోశారో ఊహించుకోవడమే తప్ప రుజువు చూపలేం. అయితే అతని బట్టపడవ చూసి ఇక్కడివాళ్లు పెద్దగా ఆశ్చర్యపోయి ఉండరని మాత్రం నాకు అనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని చేతి తెడ్డుతో కెరటం దాటడం వాళ్లకు రోజూ పొద్దున్నే చేసే పని. ఆ దొర కట్టుకున్న బట్టలే వింతగా తోచి ఉంటాయి.

స్పెక్ వెళ్లిన దారినే ఆస్ట్రేలియాకు చెందిన శాండీ రాబ్సన్ 2011లో మళ్లీ పట్టింది. యుద్ధాలు జరుగుతున్న దేశాల దగ్గర దారి వదిలేస్తూ, మధ్యమధ్యలో ఆగుతూ, 2016లో సైబాయ్ చేరింది. అంటే కయాక్‌లో దూరాలు తిరిగేవాళ్ల పటంలో ఈ తీరం ఎప్పటి నుంచో ఉంది. మన పటంలోనే లేదు.

అనకాపల్లి అంటే మనకు బెల్లం మార్కెట్, నూకాంబిక అమ్మవారు, కొత్త అమావాస్య జాతర, బొజ్జన్నకొండ. సముద్రం గుర్తురాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడి పరవాడ దగ్గరి ముత్యాలమ్మపాలెం మొదలుకొని పాయకరావుపేట దగ్గరి పెంటకోట దాకా తీరం దాని వాటాకు వచ్చింది. పటం మీద గీత గీస్తే సుమారు యాభై అరవై కిలోమీటర్లు. కయాక్‌లో గంటకు ఐదారు కిలోమీటర్లు వెళ్లే అలవాటున్నవాళ్లకు, గాలి కలిసివస్తే, రెండు మూడు రోజుల పని.

ఒక మాట ముందే చెప్పాలి. కయాక్ అనగానే నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, ఒక దీవి నుంచి ఇంకో దీవికి పోవడం కళ్లముందుకొస్తే, అది ఇక్కడ దొరకదు. అనకాపల్లి తీరానికి ఎదురుగా ఉన్నది ఉత్త బంగాళాఖాతం. దీవులు కావాలంటే అండమాన్ పోవాలి. అదీ మనకు పరాయి చోటేమీ కాదు. విశాఖ రేవు నుంచి ఓడ ఉంది, మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలు తరాల కిందటే వెళ్లి అక్కడ స్థిరపడ్డాయి. హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. అక్కడ మడ అడవుల మధ్య రాత్రిపూట కయాక్ తోసుకెళ్తే తెడ్డు పడినచోటల్లా నీళ్లు నీలంగా వెలుగుతాయి. నీటిలోని సూక్ష్మజీవుల వెలుగది. డబ్బుండి, దీవులే కావాలనుకుంటే వెళ్లి చూడాల్సిందే. కాని కెరటం నేర్చుకోవడానికి అండమాన్ వెళ్లక్కర్లేదు. ఆ విద్య పూడిమడకలో ఉంది.

అక్కడికి పోయేముందు అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల ఆవ దగ్గర ఆగాలి. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత చెప్పుకునే మంచినీటి సరస్సు ఇది. కొండల మధ్య పరుచుకున్న నీళ్లు, వాటి మీద తామరాకులు, చలికాలంలో వలస పక్షులు. గుర్రపుడెక్క, ఆక్రమణలు కూడా ఉన్నాయి, దాచడం దేనికి. నన్ను అక్కడ నిలబెట్టేసింది మాత్రం తాటిదోనె. తాటిమాను మొదలు భాగం తీసుకుని లోపలి మెత్తటి పీచు తొలిచేస్తారు. గట్టి చేవ మిగులుతుంది. అలాంటివి రెండు పక్కపక్కన కట్టేస్తే దోనె తయారు. మనిషి వెనక నిలబడి గెడ వేస్తాడు. అడుగు లోతు నీళ్లున్నా చాలు, నాచు మధ్య నుంచి కూడా జారుకుంటూ పోతుంది.

రెండు ఎందుకు కట్టారన్నదానిలోనే పడవ శాస్త్రం సగం ఉంది. ఒంటి మాను గుండ్రంగా ఉంటుంది, మనిషి కదిలితే దొర్లిపోతుంది. రెండు కలిస్తే వెడల్పు వస్తుంది, దొర్లదు, కాని వేగం తగ్గుతుంది. కయాక్ కొనేవాళ్లు ఇవాళ దుకాణంలో పడే తర్జనభర్జన కూడా ఇదే. దూర ప్రయాణపు సముద్ర కయాక్ ఐదు మీటర్ల పొడవు, అరవై సెంటీమీటర్ల లోపు వెడల్పు ఉంటుంది. బాణంలా పోతుంది, కొత్తవాణ్ని నీళ్లలో పడేస్తుంది. బీచ్‌లలో అద్దెకిచ్చేది పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. నెమ్మది, కాని నమ్మొచ్చు. కొండకర్ల దోనెవాళ్లు ఈ లెక్కను తాటిమానుతోనే తేల్చేశారు.

ఇక సముద్రం. మన తూర్పు తీరానికీ పడమటి తీరానికీ ఒక తేడా ఉంది. గోవా, కర్ణాటక తీరాల్లో కొండ కొనలు సముద్రంలోకి చొచ్చుకొచ్చి చిన్న చిన్న అఖాతాలు ఏర్పడ్డాయి, వాటి చాటున పడవ దించుకోవచ్చు. ఇక్కడ చాటు తక్కువ. పొడవాటి ఇసుక ఒడ్డు, నేరుగా దాని మీదకు విరిగే కెరటాలు. ఒడ్డుకు కొంతదూరంలో నీళ్లకింద ఇసుక దిబ్బ ఉంటుంది. కెరటం మొదట దాని మీద విరుగుతుంది, మళ్లీ లేచి ఒడ్డున రెండోసారి విరుగుతుంది. ఈ రెండు వరసలూ దాటితే అవతల సముద్రం పెద్ద చెరువులాగే ఉంటుంది. కష్టమంతా మొదటి నూరు మీటర్లలోనే.

అందుకే ఇక్కడ తెప్ప పుట్టింది. తెప్ప అంటే ఏదో నాలుగు దుంగలు కట్టిన చెక్క అనుకుంటారు పట్నంవాళ్లు. ఉత్తరాంధ్ర తెప్పను దగ్గర నుంచి చూస్తే అలా అనలేరు. తేలికైన కర్ర ఎంచుకుని, ఒక్కో దుంగనూ చెక్కి, అన్నీ కలిపేసరికి పడవ ఆకారం వచ్చేలా మలుస్తారు. ముందు అణియం పైకి లేచి ఉంటుంది, వెనక అమరం. వేట నుంచి తిరిగొచ్చాక విప్పేసి దుంగల్ని ఇసుక మీద ఆరబెడతారు, లేకపోతే నీరు తాగి బరువెక్కుతాయి. దీని గొప్పదనం మునగకపోవడం. కెరటం మీద పడినా నిలవడానికి లోపల గుంటంటూ లేదు. పైన పడ్డ నీరు దుంగల సందుల్లోంచి కిందికి జారిపోతుంది. బోల్తా పడితే తిప్పుకుని ఎక్కి కూర్చోవడమే.

కయాక్ పుట్టింది మంచు దేశంలో. ఆర్కిటిక్ వేటగాళ్లు కర్ర చట్రానికి సీల్ చర్మం బిగించి, నడుం దాకా మూసేసుకుని కూర్చునేవాళ్లు. ఆ చల్లటి నీళ్లలో తడిస్తే ప్రాణం పోతుంది కాబట్టి అలా మూసుకోవాలి. ఉష్ణదేశాల్లో ఆ అవసరం లేదు. 1970ల్లో కాలిఫోర్నియాలో పైన కూర్చునే కయాక్ వచ్చింది. మూత లేదు, గుంట లేదు, పైన పడ్డ నీరు పోవడానికి అడుగుదాకా చిల్లులు. ఇవాళ ప్రపంచంలోని వెచ్చటి బీచ్‌లన్నిటా తిరుగుతున్నది ఇదే. దాని సూత్రం పూడిమడక తెప్ప సూత్రమే. ఎవరూ ఎవర్నీ చూసి నేర్చుకోలేదు. కెరటం ఇద్దరికీ ఒకే పాఠం చెప్పింది, అంతే.

ఇప్పుడు పూడిమడకకు వెళ్లి తెప్ప కోసం వెతికితే తక్కువే కనిపిస్తాయి. ఒడ్డంతా ఫైబర్ బోట్లు, వాటి వెనక ఇంజన్లు. ఊరు పెద్దది. తెల్లారేసరికి కవళ్లు, కానాగంతలు, వంజరాలు ఒడ్డున పాట పాడతారు. పాట అంటే వేలం. కయాక్ భుజాన వేసుకుని ఆ జనంలోకి వెళ్తే పని ఆపి చూస్తారు, "ఏటి బాబూ ఇది, ఇంజన్ లేదా?" అని అడుగుతారు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది బోటు నడపడం కాదు, ఆగడం. కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్దవి కొన్ని పోయాక కాస్త నెమ్మది వస్తుంది. ఆ సందులోనే పడవ తోయాలి. ఆ సందు ఎప్పుడొస్తుందో ఏ పుస్తకంలోనూ లేదు. నడుం లోతు నీళ్లలో పడవ పట్టుకుని, మాట్లాడకుండా సముద్రం వైపు చూస్తూ నిలబడే ఆ కాసేపు చూడాలి. కొత్తవాడు ఆగలేడు, తోసేస్తాడు. దాటేటప్పుడు అణియం కెరటానికి నిటారుగా ఉండాలి, తెడ్డు ఆగకూడదు. అడ్డం తిరిగితే ఎంత ఖరీదైన కయాకైనా బోల్తా పడుతుంది.

తిరిగి రావడం ఇంకా కష్టం. కెరటం వెనక నుంచి లేపి తోస్తుంది. అమరం పైకి లేస్తుంది, అణియం ఇసుకలో గుచ్చుకుంటుంది. అందుకని పెద్ద కెరటాన్ని ముందు పోనిచ్చి, దాని వీపు మీద వెనకే రావాలి.

దిశ సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య గాలి, తీరం వెంబడి నడిచే ప్రవాహం రెండూ కిందికే. అప్పుడు ముత్యాలమ్మపాలెం నుంచి పెంటకోట వైపు వెళ్తే సముద్రమే సగం తోస్తుంది. ఫిబ్రవరి దాటాక ప్రవాహం తిరగబడి ఉత్తరానికి నడుస్తుంది, నైరుతి గాలీ మొదలవుతుంది. అప్పుడు పెంటకోట నుంచి విశాఖ వైపు రావాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం పోటు మీద ఉంటుంది. కాబట్టి యాత్రికుడి చేతికొచ్చేది డిసెంబరు నుంచి మార్చి దాకా. రోజులోనూ అంతే. తెల్లవారుజామున గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదకు మెల్లగా వీస్తుంది, నీళ్లు సద్దుమణిగి ఉంటాయి. పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. చుక్క ఉండగా బయల్దేరి, తొమ్మిదయ్యేసరికి ఒడ్డు చేరడం మంచిది. తెరచాప రోజుల్లో తెప్పవాళ్ల టైంటేబులూ ఇదే, పోయేది నేల గాలి మీద, వచ్చేది సముద్రపు గాలి మీద.

ముత్యాలమ్మపాలెం నుంచి కిందికి తంతడి, తంతడి తర్వాత పూడిమడక. సరుగుడు తోటలు, జీడిమామిడి తోటలు, వాటి వెనక సింహాద్రి విద్యుత్ కేంద్రం గొట్టాలు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్లకు వస్తాయి. ఆ నెలల్లో ఇసుక మీద గుడారం వేసేవాళ్లు దీపాలు ఆర్పాలి, గూళ్ల మీదుగా పడవ ఈడ్చకూడదు.

రాంబిల్లి దగ్గర ఆగాలి. ఆగాలంటే దిగమని కాదు, అటు పోవద్దని. అక్కడ నౌకాదళ స్థావరం వస్తోంది. ఆ నీళ్లలో తెడ్డు వేసేవాడు యాత్రికుడో మరొకడో తీరం మీది కాపలావాడికి తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. తీరమంతా ఒకే ఊపులో తిరగాలన్న ముచ్చట ఇక్కడ తెగిపోతుంది. పడవను వ్యాన్ మీదికెక్కించి రోడ్డు మీదుగా అవతలికి పోవడమే దారి. బయటి దేశాల నుంచి వచ్చే కయాకర్లకు ఇంకో చిక్కుంది. వాళ్లు ప్రాణంలా మోసే శాటిలైట్ ఫోన్ మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. మెరైన్ పోలీసులకు ముందే కబురు చెప్పి, వెళ్లే దారి కాగితం మీద రాసిచ్చి బయల్దేరడం అందరికీ క్షేమం.

నా లెక్కలో ఈ తీరంలో కయాక్‌కు అన్నిటికంటే పనికొచ్చేవి నదులు కలిసే చోట్లు. మాడుగుల కొండల్లో పుట్టి అనకాపల్లి ఊరిని ఒరుసుకుని వచ్చే శారద, నర్సీపట్నం వైపు నుంచి వచ్చే వరాహ ఈ తీరంలోనే సముద్రాన్ని చేరతాయి. పాయకరావుపేట పక్కనుంచి వచ్చే తాండవ పెంటకోట దగ్గర కలుస్తుంది. ఇలా నది సముద్రంలో కలిసే చోటునే మొగ అంటారు. మొగల దగ్గర కెరటం లోపలికి రాదు. కెరటం లేని ఉప్పునీరు, ఇసుక తిన్నెలు, కొంగలు. పోటు మీద నీరు లోపలికి తోస్తుంది, పాటు మీద బయటికి లాగుతుంది. మన తీరంలో ఆటుపోట్ల తేడా ఒకటిన్నర మీటరుకు అటూఇటూ ఉంటుంది. పోటుతో లోపలికి వెళ్లి, పాటు మొదలయ్యేలోగా ఒడ్డు పట్టుకుంటే కొత్తవాళ్లూ పిల్లలూ కూడా తిరగొచ్చు. పాటు మీద మొగలో చిక్కుకుంటే మాత్రం నది మిమ్మల్ని నేరుగా కెరటాల్లోకి పంపిస్తుంది.

కిందికి బంగారమ్మపాలెం, రేవుపోలవరం. రేవుపోలవరంలో సముద్రం పక్కనే కొండ, మీద గుడి. నీళ్ల మీద నుంచి ఆనవాలు పట్టడానికి ఈ తీరంలో ఇంతకంటే మంచి గుర్తు లేదు. అది దాటితే నక్కపల్లి మండలంలోని మత్స్యకార గ్రామాలు, రాజయ్యపేట. ఇక్కడికొచ్చేసరికి యాత్ర ముచ్చట్లు కాస్త వెలవెలబోతాయి. 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ విశాఖ నుంచి చేసిన శంకుస్థాపనల్లో రెండు ఈ తీరానివి. పూడిమడక దగ్గర రోజుకు 1,500 టన్నుల హరిత హైడ్రోజన్ లక్ష్యంగా ఎన్టీపీసీ హబ్ ఒకటి, నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్క్ ఒకటి. అదే ఏడాది రాజయ్యపేట మత్స్యకారులు మందుల పార్క్ వద్దంటూ రోడ్డెక్కారు. వాళ్ల భయం నీళ్ల గురించి. ఉద్యోగాలు వద్దని ఎవరూ అనరు. కాని సముద్రంలోకి ఏం వదులుతారో చెప్పమని అడిగే హక్కు ఆ సముద్రం మీద బతికేవాడికి అందరికంటే ముందుంది. కయాక్ వేసుకుని వినోదానికి వచ్చే మనకు ఆ గొడవ పట్టదనుకోవడం తప్పు. మనం తెడ్డు ముంచేదీ ఆ నీళ్లలోనే.

పెంటకోట దాటి ఇంకా కిందికి పోయే ఓపిక ఉన్నవాళ్లకు కాకినాడ దగ్గర ఒక దీవి ఉంది, హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగిన పొడవాటి ఇసుక పట్టీ. కాకినాడ రేవుకు కెరటాల నుంచి అదే అడ్డు. వెనక కోరింగ మడ అడవులు. దీవి ముచ్చట తీరాలనుకునే అనకాపల్లివాడికి దగ్గరి చోటు ఇదే. అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

ప్రమాదం గురించి చెప్పకుండా ఈ కథనం ముగించడం అన్యాయం. 2022 జులైలో అనకాపల్లి ఇంజినీరింగ్ విద్యార్థులు పూడిమడక తీరంలో స్నానానికి దిగి కొట్టుకుపోయారు. ఈ తీరంలో మనిషిని చంపేది కెరటం కంటే వెనక్కు లాగే నీరు. ఒడ్డుకొచ్చిన నీరంతా ఒకచోట సన్నటి పాయగా చేరి వేగంగా లోపలికి పోతుంది. విచిత్రమేమంటే అక్కడ కెరటాలు తక్కువగా విరుగుతాయి, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దిగేది సరిగ్గా అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ నుంచి బయటపడాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ కెరటాల ఎత్తు, గాలి వేగం ముందుగా చెబుతుంది. సముద్రం లేని ఊరి నుంచి సముద్రం కబురు రావడం చిత్రమే గాని, చూడకుండా దిగొద్దు. లైఫ్ జాకెట్ లేకుండా అసలు దిగొద్దు. స్పెక్‌కు ఈత రాకపోయినా బతికాడన్నది ఎవరికీ ఆదర్శం కాదు.

రుషికొండలో కయాక్‌లు అద్దెకు దొరుకుతాయి. ఒక గంట తిప్పి, ఫొటో తీసి దింపేస్తారు. దాన్ని తప్పుపట్టను. అయితే పర్యాటకశాఖ ఇంకో పని చెయ్యొచ్చు. శారద మొగ దగ్గరా, కొండకర్లలోనూ పది కయాక్‌లు పెట్టి, నడిపే పని బయటి కాంట్రాక్టరుకు కాకుండా ఆ ఊళ్ల మత్స్యకార యువకులకే ఇవ్వాలి. వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది ప్రథమ చికిత్స, లెక్కలు రాయడం. మిగతాది వాళ్లే మనకు నేర్పుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలు ఇంటి పట్టున ఉండే కుర్రాళ్లకు, సముద్రం జోలికి పోకుండా ఆవలోనూ మొగలోనూ, నాలుగు డబ్బులొస్తాయి.

ఈలోగా మీరు వెళ్లదలచుకుంటే డిసెంబరు, జనవరిల్లో ఒక ఆదివారం చూసుకోండి. ముందు కొండకర్లలో తాటిదోనె ఎక్కి ఒంటి తూకం తెలుసుకోండి, తర్వాత మొగలో తెడ్డు వేయండి. సముద్రంలోకి మాత్రం ఆ ఊరివాళ్లను అడిగి, వాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని, వాళ్ల రోజుకూలి వాళ్లకిచ్చి దిగండి. ఇవాళ వద్దు అంటే వెనక్కి వచ్చేయండి.